తెలుగులో వేసిన బంతులు

పన్నెండేళ్ళు నేను కూర్చుని జీతం తీసుకున్నాను. ఈ మాట మా ఆవిడ చుట్టాల ముందు అంటే ఎగతాళి, నేనంటే ఉన్న సంగతి. మన మలేషియాలోనే, క్లాంగ్‌లో జపాన్ వాళ్ళ ఫ్యాక్టరీ ఒకదానికి బేస్‌బాల్ జట్టు ఉండేది. అందులో నేను రిలీఫ్ పిచ్చర్ని. ఆట మొదటి నుంచీ బంతి వేసే పిచ్చర్ వేరే ఉంటాడు. అతని చెయ్యి అలిసిపోయినప్పుడో, అతను ఆటని పూర్తిగా పాడు చేసినప్పుడో, చివర్లో నన్ను పిలుస్తారు. అంతవరకూ మైదానం మూలనున్న బెంచీ మీద కూర్చుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, నా అవసరం రాకూడదని దేవుడికి దండం పెట్టుకోవడమే నా పని. నన్ను పిలిచారంటే కొంప అంటుకుందన్నమాట.

మన తెలుగు తరగతి పిల్లలు నా ఉద్యోగం గురించి రాయమని అడిగారు. మీలో సగం మంది దీన్ని అమ్మ చేత చదివించుకుని వింటారని, విని తమిళంలో జవాబు చెబుతారని నాకు తెలుసు. ఫరవాలేదు, నేను రాసేదీ కొంత ఆ సంగతే. ఇప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్ళు, నా కుడి భుజానికి ఎనభై. బంతి వేయడం మానేసి చాలా కాలమైంది. పైన అరలో ఉన్న పంచదార డబ్బా దించమంటే మా అబ్బాయిని పిలుస్తాను.

ఈ ఉద్యోగం నాకెలా వచ్చిందో చెబితే మీరు నమ్మరు. చదువు పూర్తయ్యాక కొన్నాళ్ళు మోటార్ సైకిల్ మీద తిరుగుతూ ఇంటింటికీ పేపర్లు వేసేవాణ్ణి. బండి ఆపితే కుక్కలు వెంటపడతాయి. అందుకని ఆపకుండానే, పేపరు చుట్టి, గేటు మీదుగా, కారు మీదుగా విసిరి, సరిగ్గా చెప్పుల స్టాండు పక్కన పడేట్టు అలవాటు చేసుకున్నాను. ఆ వీధిలో ఉండే ఒక జపాన్ పెద్దమనిషి కొన్ని వారాలు ఇది గమనించి, ఒకరోజు పొద్దున్నే లుంగీ బనీనుతో వాకిట్లో నిలబడి, తోలు గ్లవ్ తొడుక్కున్న చెయ్యి చాచాడు. పేపరు వెళ్ళి అందులో పడింది. ఆయన ఫ్యాక్టరీ డైరెక్టరు. మా తాత ఎస్టేటు గుమాస్తాగా చేసిన రోజుల నుంచీ మా ఇంట్లో మేనేజరు ఎవరైనా దొరే. అలా ఆ దొర నన్ను స్టోరు అసిస్టెంటుగా చేర్చుకున్నాడు. స్టోరులో నాకొక కుర్చీ ఇచ్చారు కానీ, అందులో నా చొక్కా ఎక్కువ రోజులు కూర్చుంది.

నా బంతిలో లోపం లేదు. లోపం నా కళ్ళలో ఉంది. దూరపు చూపు ఆనదు. కళ్ళజోడు పెట్టుకుంటే మన వానల తరవాతి ఉక్కకి అద్దాలు ఆవిరి పట్టేస్తాయి. కంటి లోపల పెట్టుకునే అద్దాలు ప్రయత్నిస్తే మైదానం మధ్యలో నిలబడి ధారగా ఏడ్చాను. ఎదుటి జట్టు వాళ్ళు జాలిపడి మంచినీళ్ళు ఇచ్చారు.

క్రికెట్ తెలిసినవాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. బేస్‌బాల్‌లో పిచ్చర్ ఏ బంతి వేయాలో తనంతట తను తేల్చుకోడు. కొట్టేవాడి వెనక గొంతుకు కూర్చున్న క్యాచర్ తొడల మధ్య వేళ్ళు చూపించి చెబుతాడు. ఒక వేలైతే వేగంగా, రెండైతే వంకరగా, మూడైతే మెల్లిగా. అంత దూరం నుంచి నాకు క్యాచర్ గ్లవ్ కనబడేది, అతని బొజ్జ కనబడేది, వేళ్ళు మాత్రం కనబడేవి కావు.

మా క్యాచర్ ఇపో ఊరి కుర్రాడు. తల్లి వైపు తెలుగు, తండ్రి వైపు తమిళం. నన్ను బావా అనేవాడు, నేనూ అతన్ని బావా అనేవాణ్ణి. ఏ వరసనో ఇద్దరికీ తెలీదు. మా కోచ్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి వచ్చిన మలై ఆయన. మలైలో మాస్టారిని చిగ్గు అంటారు కాబట్టి జట్టంతా ఆయన్ని అలాగే పిలిచేది. నా చూపు సంగతి తెలిశాక చిగ్గు బాగా ఆలోచించి క్యాచర్ గోళ్ళకి ఎర్ర రంగు వేయించాడు. అది కొంచెం పని చేసింది కూడా. కానీ ఆ వారమే ఇపోలో బావ మరదలి పెళ్ళి. రంగు తుడుచుకునే టైము లేక, ఆ ఎర్రగోళ్ళతోనే పెళ్ళికొడుకు కాళ్ళు కడగడానికి చెంబు పట్టుకున్నాడు. పెళ్ళి వీడియోలో మంత్రాలు తక్కువ వినబడతాయి, నవ్వులు ఎక్కువ వినబడతాయి. వాళ్ళావిడ రంగు సీసా తీసి కాలవలో పారేసింది.

అప్పుడు బావకే తట్టింది. మన జట్టులో చైనీస్ వాళ్ళున్నారు, మలై వాళ్ళున్నారు, తమిళులున్నారు. ఎదుటి జట్లలోనూ అంతే. తెలుగు మాట్లాడేది మనిద్దరమే. మరి వేళ్ళెందుకు, నోరుండగా?

"బేగెయ్యి బావా" అంటే వేగంగా. "నెమ్మదిగా ఎయ్యి" అంటే మెల్లిగా. "వొంకరగా" అంటే వంకరగానే. ఇందులో గూఢభాషేమీ లేదు. ఇంట్లో అన్నం పెట్టమన్నట్టు, బహిరంగంగా, గొంతెత్తి చెప్పేవాడు. కొట్టేవాడు రెండడుగుల దూరంలో బ్యాటు పట్టుకుని నిలబడి మొత్తం వినేవాడు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కొందరు అది మంత్రం అనుకున్నారు. ఒక జట్టు మేం మంత్రాలు చదువుతున్నామని అంపైరుకి ఫిర్యాదు చేసింది. అంపైరు పోలీసు సార్జెంటుగా రిటైరైన మనిషి, నిబంధనల్లో మంత్రాలు కూడదని లేదన్నాడు. ఆ తరవాత బావ కావాలనే చివర్లో ఓం అని చేర్చడం మొదలుపెట్టాడు.

ఇలా మూడు సీజన్లు మా ఇద్దరికీ రాజభోగమే. ఈ దేశంలో తెలుగు తగ్గిపోతోందని సంఘం మీటింగుల్లో పెద్దలు బాధపడుతుంటే నేనూ మొహం వేలాడేసుకుని కూర్చునేవాణ్ణి. లోపల మాత్రం, ఇంకొంచెం తగ్గినా నాకు నష్టం లేదులే అనుకునేవాణ్ణి. నా ఉద్యోగం నిలబడిందే ఎవరికీ తెలుగు రాకపోవడం మీద కదా.

తరవాత మా దొర జపాన్ వెళ్ళిపోయాడు. కొత్త దొర వచ్చాడు. ఆయనకి గోల్ఫ్ తప్ప ఏ ఆటా ఆట కాదు. మీటింగులో చల్లగా ఒక మాట చెప్పాడు. ఈసారి జట్టు ఫైనల్‌కి వెళితే ఉంచుతాను, వెళ్ళకపోతే తీసేస్తాను. మిగిలిన ఆటగాళ్ళు మామూలు పనివాళ్ళే, వాళ్ళ మెషీన్లు వాళ్ళకుంటాయి. ఆట కోసమే కాంట్రాక్టు మీద తెచ్చినవాళ్ళం మేమిద్దరం, బావా నేనూ. జట్టు పోతే మేమూ పోతాం. అప్పటికి బావ ఇంట్లో రెండో పాప పుట్టింది. నేను ఇల్లు కొన్నాను. ఆ రాత్రి మా ఆవిడ, మళ్ళీ పేపర్లు వేస్తావా అని అడిగింది. ఇప్పుడు పేపర్లు ఎవరు కొంటున్నారు అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

సెమీ ఫైనల్ క్లాంగ్‌లోనే, పెరాక్ రాష్ట్రం నుంచి వచ్చిన ఒక ఆయిల్ పామ్ కంపెనీ జట్టుతో. మొదటి పిచ్చర్ ఆ రోజు బాగానే వేశాడు. అతను చైనీస్, వేళ్ళు చూసి వేసేవాడు కాబట్టి అంతసేపూ బావ నోరు విప్పలేదు. చివరి ఇన్నింగ్సు వచ్చేసరికి మేం ఒక్క పరుగు ముందున్నాం. పిచ్చర్ భుజం పట్టేసింది. చిగ్గు నా వైపు చూశాడు. నేను వేరుశెనగ తొక్కలు దులుపుకుని లేచాను. ముగ్గుర్ని ఔట్ చేస్తే చాలు, ఉద్యోగం మిగులుతుంది.

కొట్టేవాడి వెనక కంచె. కంచె అవతల ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ గొడుగేసుకుని కూర్చుని ఉంది. పక్కన లిటిల్ ఇండియాలో కొన్న చీరల సంచులు. ఎవరో తమిళ పాట్టి, అంటే మామ్మ, మనవడి ఆట చూడడానికి పెరాక్ నుంచి బస్సెక్కి వచ్చింది అనుకున్నాను.

"బేగెయ్యి బావా" అన్నాడు బావ.

గొడుగు కదిలింది. గొడుగు కింద నుంచి మొహం బయటికి వచ్చింది. నేను అంత పట్టించుకోలేదు. మొదటివాడు ఔట్. రెండోవాడికి బావ వొంకరగా అనగానే ఆవిడ కుర్చీలోంచి లేచి, కొట్టేవాడికి తమిళంలో ఏదో అరిచింది. వాడు విసుక్కున్నాడు, ఔటయ్యాడు. ఇంక ఒక్కడు. నేను మనసులో దొర మొహం ఊహించుకుంటున్నాను.

తరవాత రావలసిన ఆటగాళ్ళు కంచె పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక భారీ మనిషి, వాళ్ళ జట్టుకి పెద్ద దిక్కు, కంచె దగ్గరికి వెళ్ళి ఆవిడతో మాట్లాడాడు. రెండు నిమిషాలు మాట్లాడి తిరిగి వచ్చి, మూడోవాడి చెవిలో ఏదో ఊదాడు. మూడోవాడు వచ్చి నిలబడ్డాడు. బావ నెమ్మదిగా ఎయ్యి అన్నాడు. వెనక నుంచి ముసలావిడ గొంతు గుడి గంటలా మోగింది. "మెదువా వరుదు!" మెల్లిగా వస్తోంది అని తమిళంలో చెప్పేసింది. వాడు తాపీగా కాచుకుని కొట్టాడు, వెళ్ళి రెండో బేసులో నిలబడ్డాడు. బేసులన్నీ చుట్టి, కొట్టిన చోటికి, అంటే ఇంటికి, తిరిగొస్తేనే పరుగు.

బావ పరిగెత్తుకొచ్చాడు.

"మామ్మకి తెలుగొచ్చు బావా" అన్నాడు.

"వినబడింది."

"సుంగై సుమున్ ఆళ్ళంట, ఆ ఊరంతా మనోళ్ళే. ఆ పెద్దోడు ఆవిడ మనవడంట. ఏటి సేద్దాం?"

ఏం చేస్తాం? మలై అందరికీ వచ్చు. తమిళం సగం మందికి వచ్చు. ఇంగ్లీషు గోడలకి కూడా వచ్చు. వేళ్ళు నాకు కనబడవు. ఇంకాస్త కష్టమైన తెలుగు మాట్లాడదామంటే, మా ఇద్దరి తెలుగూ కలిపినా ఆవిడ తెలుగులో సగం ఉండదు. చివరికి బావ ఒక ఉపాయం చెప్పాడు. నేను నెమ్మదిగా అంటే నువ్వు వేగంగా వెయ్యి. సరేనన్నాను. నాలుగోవాడు వచ్చాడు. బావ నెమ్మదిగా అన్నాడు. ఆవిడ మెదువా అంది. మూడేళ్ళుగా చెవిలో పడిన మాటకి అలవాటైన చెయ్యి, నన్ను అడక్కుండానే మెల్లిగా వేసింది. వాడూ కొట్టాడు. రెండో బేసులో ఒకడు, మూడో బేసులో ఒకడు. ఇక వచ్చేది ఆ మనవడే. వాడు ఒక్కటి సరిగ్గా కొడితే ఇద్దరూ ఇంటికొస్తారు, మేం అసలు ఇంటికే పోతాం.

కళ్ళజోడు తుడుచుకోవాలని అంపైరుని అడిగి కంచె దగ్గరికి నడిచాను. కళ్ళజోడు నా మొహాన లేనే లేదు. అది నేను తిరిగి వచ్చేదాకా ఆయన గమనించలేదు.

దగ్గర్నుంచి చూస్తే ఆవిడ చిన్న మనిషి. కాళ్ళ దగ్గర తమలపాకుల డబ్బా. నేను రెండు చేతులూ జోడించాను.

"మామ్మా, మేం తెలుగోళ్ళమే" అన్నాను.

"ఇంటన్నాను కదయ్యా. ఏ ఊరోళ్ళు?"

క్లాంగ్ అన్నాను, తాత మీ వైపే, బాగన్ దాతు ఎస్టేటులో గుమాస్తా అన్నాను. అక్కడ గుమాస్తాని కిరాణీ అంటారు.

"కిరాణీ మనవడివా" అంది ఆవిడ. మొహం విప్పారింది. ఇదే సమయమనుకుని చెప్పేశాను. ఈ ఆట పోతే నా ఉద్యోగం పోతుంది, ఆ కూర్చున్నవాడి ఉద్యోగమూ పోతుంది, వాడికి నెలల పాప ఉంది, ఒక్క ఆటకి మాట బయటపెట్టకండి అని బతిమాలాను. బతిమాలడానికి నాకు సిగ్గనిపించలేదు. అప్పు మీద ఇల్లు కొన్నవాడికి సిగ్గు తరవాతి సంగతి.

ఆవిడ శ్రద్ధగా విన్నది. తరవాత బ్యాటు ఊపుకుంటున్న మనవడి వైపు చూసింది.

"సూడు నాయనా. ఈడికి మాట వచ్చిన కాడ్నించి నేను తెలుగులో మాటాడతాను, ఈడు తమిళంలో బదులు సెప్తాడు. ఇంతకాలానికి ఇయ్యాలే నా కాడికొచ్చి అడిగినాడు, ఆళ్ళేటంటన్నారని. నా బాస ఈడికి పనికొచ్చింది ఇయ్యాలే." గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. "నేను నోరు మూసుకుంటే రేపట్నించి మళ్ళీ ఈడు నన్నడుగుతాడేటి?"

సంఘం మీటింగులో మొహం వేలాడేసుకుని కూర్చున్నప్పుడు నాలో లేని బాధ అక్కడ, కంచె పట్టుకుని నిలబడ్డప్పుడు నిజంగా కలిగింది. దాంతోపాటు ఇల్లు కూడా కళ్ళ ముందు తిరిగింది. అంపైరు పిలిస్తే వెనక్కి వచ్చేశాను.

ఆ ఉపాయం వదిలేసి బావ మళ్ళీ ఉన్నదున్నట్టే, వేగంగా అని చెప్పాడు. మనవడు బంతిని చూడకుండా ముందు చెవి మామ్మ వైపు తిప్పాడు. మామ్మ చెప్పింది. వాడు కొట్టిన బంతి మైదానం దాటి పార్కింగులో ఎవరిదో కారు మీద పడింది. కాకపోతే వెంట్రుకవాసిలో మైదానం పక్క గీతకి అవతలగా వెళ్ళింది. అలా పక్కకి పోతే పరుగు లేదు, పైగా కొట్టేవాడి లెక్కలోనే పడుతుంది. అలాంటివి రెండయ్యాక, మూడోది కొట్టలేకపోతే, వాడు ఔట్. రెండోది వొంకరగా. మామ్మ చెప్పింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ గీత అవతల. కారు అలారం మోగుతూనే ఉంది. ఈ రెండూ అదృష్టం. మూడోసారి అదృష్టం ఉండదని నాకూ తెలుసు, బావకీ తెలుసు, చిగ్గు ఐతే టోపీతో మొహం కప్పుకున్నాడు.

"నెమ్మదిగా ఎయ్యి బావా" అన్నాడు బావ.

నేను చెయ్యి ఎత్తాను. మామూలుగా ఈ క్షణానికి వెనక నుంచి గంట మోగాలి. మోగలేదు. మనవడు చెవి అటే పెట్టుకుని కాచుకున్నాడు. నా చేతిలోంచి బంతి బయల్దేరింది. ఇంకా మోగలేదు. వాడు ఇక ఆగలేక, తల పూర్తిగా వెనక్కి తిప్పి, "పాట్టి, ఎన్న సొన్నాన్?" అని అడిగాడు, ఏమన్నాడని.

నేను వేసిన బంతులన్నిట్లోకీ అంత మెల్లిగా వెళ్ళింది ఇంకొకటి లేదు. దారిలో ఆగి ఎవరినో పలకరించిందేమో కూడా. వాడు మొహం ఇటు తిప్పేసరికి అది బావ గ్లవ్‌లో హాయిగా పడుకుని ఉంది. అంపైరు చెయ్యి లేపాడు. మూడు.

మా వాళ్ళంతా వచ్చి మీద పడ్డారు. బావ నన్ను ఎత్తుకోబోయి నడుం పట్టేసి కూర్చుండిపోయాడు. కొత్త దొర దూరం నుంచి తలూపాడు. ఫైనల్లో చిత్తుగా ఓడిపోయాం, అయినా దొర మాట మీద నిలబడ్డాడు, జట్టు ఇంకొన్నేళ్ళు నడిచింది. తరవాత బావ ఇపోలో సొంత దుకాణం పెట్టుకున్నాడు. నేను స్టోరులో నా కుర్చీలో నా చొక్కా బదులు నేనే కూర్చున్నాను.

కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ గెలుపు కాదు. మా వాళ్ళ కింద నుంచి బయటపడి చూసేసరికి ఆ మనవడు బ్యాటు నేలకేసి కొట్టి కంచె దగ్గరికి దూసుకెళుతున్నాడు. మామ్మకి ఏమైనా అవుతుందేమోనని నేనూ వెనకే పరిగెత్తాను. ఆరడుగుల మనిషి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. కంచె రెండు చేతులా పట్టుకుని ఊపేస్తూ అరిచాడు.

"ఎందుకు సెప్పనేదు మామ్మా? ఆడు నెమ్మదిగా అన్నాడు కదా. నాకు ఇనపడినాది. నువ్వు ఎందుకు సెప్పనేదు?"

మొత్తం తెలుగే. అరువు మాట ఒక్కటి లేదు. పాట్టి అన్న మాట కూడా లేదు. వాడికే ఆ సంగతి తెలీదు. కోపంలో ఎక్కడో చిన్నప్పుడు విన్న మాటలు వాటంతటవే వచ్చేశాయి.

మామ్మ జవాబు చెప్పలేదు. చెప్పలేదు కాదు, చెప్పలేకపోయింది. రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. నోటి నిండా తమలపాకు, వక్క. వేలుతో తన నోరు చూపించింది. రెండో బంతికీ మూడో బంతికీ మధ్య ఆ డబ్బా తెరిచి అంత వక్క ఎందుకు కూరుకుందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. నా మీద జాలి అని బావ నమ్మకం. నాకే అంత నమ్మకం లేదు.

నెమ్మదిగా పక్కకి తిరిగి ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుని, నా వైపు చూసింది.

"ఇన్నావా కిరాణీ మనవడా? తిట్టినా మన బాసలోనే తిట్టినాడు."

తరవాత మనవణ్ణి, ఆకలేస్తోందా నాయనా అని తెలుగులో అడిగింది. వాడు ముక్కు ఎగబీలుస్తూ తమిళంలో ఏదో గొణిగాడు. ఆవిడ విన్నట్టే లేదు. వంగి తమలపాకుల డబ్బా మూత తీసి, ఒక ఆకు తీసి, సున్నం రాయడం మొదలుపెట్టింది.

"ఆకలేస్తాంది మామ్మా" అన్నాడు వాడు, గబగబా.